కోడలు ‘నేను చెప్పనులే’ అంది.. బేగంబజార్‌కి ఒక్కదాన్నే వెళ్లనా?

పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి ఖమ్మం వైపు ఒక చిన్న పట్నం అని మాత్రం చెబుతాను. ఈ వారం ఉత్తరం రాసినావిడకి 59 ఏళ్లు. భార్యాభర్తలిద్దరూ కలిసి అక్కడ ఏళ్ల తరబడి ఫ్యాన్సీ షాపు నడిపారు. గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్లలు, పెళ్లిళ్ల సీజన్లో రోల్డ్‌గోల్డ్ సెట్లు. సరుకు కోసం ఆయన హైదరాబాద్ వచ్చేవారు. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగడం, పొద్దంతా తిరగడం, మూటలు ట్రాన్స్‌పోర్టులో వేసి మళ్లీ రాత్రి బస్సుకే వెనక్కి. ఇద్దరూ వస్తే షాపు ఎవరు చూస్తారని ఆవిడ ఎప్పుడూ రాలేదు. ఆయన పోయాక షాపు అమ్మేశారు. ఇప్పుడు కూకట్‌పల్లిలో కొడుకు, కోడలు, ఏడేళ్ల మనవరాలితో ఉంటున్నారు.

ఆవిడ రాసింది కొంత ఆవిడ మాటల్లోనే:

“ఆయన వచ్చి అన్నం తింటూ అన్నీ చెప్పేవారు. ఉస్మాన్‌గంజ్‌లో ఏ సేటు అప్పు ఇస్తాడు, బేగంబజార్‌లో ఏ గల్లీలో జడపిన్నులు చవక, లాడ్‌బజార్‌లో లక్కగాజులు చేసే ముసలాయన ఏమన్నాడు, అన్నీ. నాకా వీధులు పేర్లతో సహా తెలుసు, కళ్లతో చూడలేదు అంతే. పాత బిల్లుల కట్ట ఇంకా నా దగ్గరే ఉంది. ఇన్నాళ్లకి అదే ఊళ్లో ఉంటున్నాను కదా, ఆ బజార్లు తీరిగ్గా చూడాలని ఉంది. మావాడు ఒక ఆదివారం కారులో తీసుకెళ్లాడు. పార్కింగ్ దొరక్క చాలాసేపు తిరిగాం. చార్మినార్ కింద ఫొటో తీశాడు. అక్కడ గాజుల సెట్టు ఒకటి 800 చెప్తే నేను 300కి అడిగాను, అతను వెంటనే ఇచ్చేశాడు. ‘చూశావా, 150 కూడా చెయ్యదన్నమాట’ అని మావాడు దారంతా నవ్వాడు. వచ్చేటప్పుడు బేగంబజార్ వైపు పోనిమ్మంటే అన్నీ షట్టర్లే. ‘ఏముందమ్మా అక్కడ, యూట్యూబ్‌లో చూడు’ అంటాడు. ఒక్కదాన్నే వెళ్తానంటే మాత్రం కోప్పడతాడు. ఆ ఏరియా మనకి తెలీదు, గొడవలవుతాయి, నీకు భాష రాదు, మోకాళ్లు నొప్పులు అంటాడు. కోడలు మంచిది. ‘వెళ్లిరండి అత్తయ్యా, నేను చెప్పనులే’ అంది. పాప బస్సు మూడూ ముప్పావుకి వస్తుంది, ఈలోపు వచ్చేస్తే ఎవరికీ తెలీదు. చెప్పకుండా వెళ్తే తప్పా? వెళ్తే ఎలా వెళ్లాలి? రంజాన్ నెలలో రాత్రి బజారు కూడా చూడాలని ఉంది, అది ఈ వయసులో అత్యాశేనా?”

ముందు మీ కోడలి సంగతి మాట్లాడుకుందాం. మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు కానీ, ఉత్తరమంతటిలో నాకు టెన్షన్ పెట్టింది ఆ ముక్కే.

మీరు చెప్పకుండా వెళ్లారనుకోండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ కాదు. ఆ ఒక్కసారి అఫ్జల్‌గంజ్ సెంటర్లో ట్రాఫిక్ ఆగిపోయి, గంట మూడున్నర దాటి, పాప బస్సు వచ్చే టైమైతే మీరు ఫోన్ చేసేది కోడలికే. తను ఆఫీసులో పని వదిలి పరిగెత్తాలి. సాయంత్రం మీ అబ్బాయికి విషయం తెలిసినప్పుడు మీ మీద రెండు నిమిషాలు విసుక్కుని ఊరుకుంటాడు, తల్లివి కాబట్టి. “నీకు ముందే తెలుసా?” అన్న ప్రశ్న మాత్రం కోడలికి పడుతుంది. ఆ ప్రశ్న అక్కడితో ఆగదు. ఇంకెన్ని దాస్తున్నావు అనేదాకా పోతుంది. మీ ముచ్చట కోసం ఆ పిల్ల తన కాపురంలో మాట పడటం మీకూ ఇష్టం ఉండదు. కాబట్టి చెప్పకుండా వెళ్లడం తప్పా అంటే, పాపం పుణ్యం నేను తేల్చలేను. ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో మాత్రం చెప్పగలను. పద్దులు రాసిన మీకు ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు.

అయితే ఆ మాటలో మీకు పనికొచ్చేది ఒకటుంది. మీరు ఒక్కరే వెళ్లిరాగలరని ఆ ఇంట్లో ఒకరికి నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని చాటున దాచుకోకుండా భోజనాల దగ్గర, అబ్బాయి ఎదురుగా అనమనండి. “అత్తయ్య గురువారం బేగంబజార్ వెళ్తారట, పాప బస్సుకి ఆలస్యమైతే కింది ఫ్లాట్ ఆంటీకి చెప్పాను” అని. గొడవ సగం తగ్గుతుంది. ఎందుకంటే మీ అబ్బాయి పైకి చెప్పే భయాల కింద, చెప్పనిది ఒకటి ఉందని నా అనుమానం: మీరు లేని రోజు పాపని దింపుకునేదెవరు అని. తప్పుపట్టను. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో నానమ్మ లేకపోతే రోజు నడవదు. దానికి మీరే ముందు దారి చూపిస్తే, మిగతా భయాలు ఎంత గట్టివో అప్పుడు తెలుస్తుంది.

ఆ మిగతా భయాల్లో మొదటిది ‘ఆ ఏరియా’. మీవాడు పాతబస్తీ అనే ఒక్క పేరు కింద అన్నీ కలిపేస్తున్నాడు. మీ బిల్లుల్లో ఉన్న పేర్లు చూడండి. ఉస్మాన్‌గంజ్, సిద్ది అంబర్ బజార్, బేగంబజార్ మూడూ మూసీకి ఇవతలి ఒడ్డున ఉన్నాయి. కులీ కుతుబ్‌షా 1591లో చార్మినార్ కట్టించి ఊరు వేసింది అవతలి ఒడ్డున. తర్వాత దానికి చుట్టూ గోడ, దర్వాజాలు వచ్చాయి. దర్వాజాల్లో ఇప్పుడు దబీర్‌పురా, పురానాపూల్ రెండే మిగిలాయి. ఆ గోడకి బయట, ఏటికి ఇవతల పెరిగిన వ్యాపారుల పేట బేగంబజార్. మార్వాడీ, గుజరాతీ, తెలుగు వ్యాపారులు తరతరాలుగా ఉన్నచోటు. మన జిల్లాల నుంచి సరుకుకి వచ్చే షాపులవాళ్లు ఇప్పటికీ రోజూ దిగుతూనే ఉంటారు. మీ ఆయనా వాళ్లలో ఒకరే కదా. అలాంటిచోట “ఇది మనకి తెలీని ఏరియా” అంటే, మీ ఇంటి మటుకు ఆ మాట చెల్లదు.

ఇక చార్మినార్ వైపు గొడవలంటారా, 1980ల్లో, 1990లో కర్ఫ్యూలు పెట్టిన మాట నిజమే. ఆ రోజుల్లో సరుకుకి వెళ్లినవాళ్ల ఇళ్లలో ఆ భయం ఉండేది. బహుశా మీ ఇంట్లోనూ ఉండి ఉంటుంది, చిన్నప్పుడు మీ అబ్బాయి విని ఉంటాడు. అది ఇప్పటికీ అతని మనసులో అలాగే ఉండిపోయింది. ఈ రోజు అక్కడ మిమ్మల్ని ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద దుకాణం ఉంటుంది, ఫుట్‌పాత్ మీద నడవాల్సిన జనం రోడ్డు మీద ఉంటారు, ఆ మధ్యలోంచి బైకులు, తోపుడుబండ్లు. వెనకనుంచి హమాలీ బరువుతో అరుస్తూ వస్తాడు, మీరు తప్పుకోవాలి. జనంలో ఫోను, పర్సు జాగ్రత్త. ఇవి నిజం. వీటికి ధైర్యవచనాలు అక్కర్లేదు. భుజానికి అడ్డంగా వేసుకునే చిన్న సంచీ, పట్టు ఉన్న చెప్పులు చాలు.

మీ ముందున్న దారులు చూద్దాం. చాటుగా వెళ్లడం గురించి చెప్పాను.

రెండోది, అబ్బాయితోనే మళ్లీ వెళ్లడం. ఇందులో మీకు సరదా ఏమీ ఉండదని ముందే చెబుతున్నాను. పక్కన ఒకరు వాచీ చూసుకుంటూ నిలబడితే బజారు చూడలేం. అయినా ఒక్కసారికి మాత్రం ఇదే మేలు కావచ్చు, ఎందుకంటే అతని భయం మీరు చెబితే పోదు, చూస్తే పోతుంది. అలా అయితే కారు ఇంట్లో వదిలేయమనండి. చార్మినార్ చుట్టూ బండ్లు రానివ్వరు, పార్కింగ్ గోలలోనే మీ ఆదివారం అయిపోయింది. రోజు కూడా మార్చండి. బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాలకి ఆదివారం సెలవు, మీరు షట్టర్లు చూసింది అందుకే. శనివారం పెట్టుకోండి. రెండు గంటలు చాలు, ఎక్కువైతే వాడి మొహం మారుతుంది.

మూడోది, హెరిటేజ్ వాక్‌లు. చార్మినార్ చుట్టుపక్కల చరిత్ర తెలిసినవాళ్లు పదిపదిహేనుమందిని వెంటబెట్టుకుని తిప్పి చూపిస్తుంటారు. ఇంట్లో చెప్పడానికి తేలిక, “గ్రూపుతో వెళ్తున్నా” అంటే ఎవరూ కాదనరు. కట్టడాల కథలు బాగా చెబుతారు. కాకపోతే ఇవి ఎక్కువగా పొద్దున్నే ఉంటాయి, అప్పటికి బజారు తెరవదు. మీకు కావల్సింది మినార్లు, కమాన్ల (రాతి తోరణాల) కన్నా గల్లా పెట్టెలు, తక్కెళ్లు, సరుకు మూటలు. పైగా గుంపు నడకకి మీ మోకాళ్లు తట్టుకోవాలి. భవనాల మీద ఆసక్తి పుడితే తర్వాత వెళ్లొచ్చు.

నాలుగోది, చెప్పి, ఒక్కరే వెళ్లడం. వెళ్తే బాగుండునని అడగడం వేరు, ఫలానా రోజు వెళ్తున్నానని చెప్పడం వేరు. మొదటిదానికి “వద్దమ్మా” అనే జవాబు తేలిగ్గా వచ్చేస్తుంది. రెండోదానికి కొడుకు కొంత విసుక్కుంటాడు, రెండురోజులు ముభావంగా ఉండొచ్చు కూడా. ఆ ముభావం భరించగలరా లేదా మీరే చూసుకోవాలి. భరించలేననిపిస్తే శనివారం దారి పట్టండి, చిన్నతనమేమీ లేదు. భరించగలనంటే, ఇదీ నాకు తోచిన పద్ధతి.

మొదటిరోజే చార్మినార్ పెట్టుకోవద్దు. మీకు పని ఉన్నది ఇవతలి ఒడ్డున. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే మారే పని లేదు, ఎల్బీనగర్ వెళ్లే బండి తిన్నగా గాంధీభవన్ స్టేషన్‌కి తీసుకెళ్తుంది. స్టేషన్లోనే బాత్రూంకి వెళ్లి దిగండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, మన ఆడవాళ్లు బజారు రోజున పొద్దుట్నించీ నీళ్లు తాగకుండా ఉండి, మధ్యాహ్నానికి తల తిరిగి కూలబడేది దీనివల్లే. బేగంబజార్ లోపల సరైన చోటు దొరకడం కష్టం. కాబట్టి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు మెట్రో దగ్గర ఒకసారి అని లెక్క పెట్టుకుని, మధ్యలో నీళ్లు మాత్రం తాగండి.

పదకొండుకి ముందు వెళ్లి లాభం లేదు. దుకాణం తెరిచి, ఊడ్చి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, మొదటి బేరం కోసం చూస్తుంటారు. బోణీ వేళ కొనే ఉద్దేశం లేకుండా ధర అడిగి వెళ్లిపోతే ఎంత చిరాకో మీకు తెలుసు కదా, అవతలివైపు కూర్చున్నవారు.

గాంధీభవన్ నుంచి మెల్లగా నడిస్తే మొజంజాహి మార్కెట్. 1935లో కట్టింది, ఏడో నిజాం రెండో కొడుకు పేరు పెట్టారు. పూర్తిగా రాతి కట్టడం, పైన గడియారం. ఒకప్పుడు పళ్ల మార్కెట్ ఇక్కడే ఉండేది, తర్వాత కొత్తపేటకి మారింది. మీ ఆయన చెప్పిన కబుర్లలో పళ్ల బండ్లు ఉంటే అవి ఇక్కడివే అయ్యుంటాయి. కొన్నేళ్ల కిందట బాగుచేసి రాళ్లన్నీ కడిగారు, ఇప్పుడు చూడ్డానికి బాగుంది. ఐస్‌క్రీమ్ దుకాణాలు పాతవే. సీతాఫలాల కాలమైతే సీతాఫలం ఐస్‌క్రీమ్ తినండి, షుగర్ ఉందని మీరు రాయలేదు కాబట్టి చెబుతున్నాను. కూర్చోవడానికి కుర్చీలుంటాయి, మోకాళ్లకి మొదటి విశ్రాంతి.

అక్కడి నుంచి ఉస్మాన్‌గంజ్ మీదుగా బేగంబజార్‌లోకి. దారి చెప్పడం దండగ, ఎవరు చెప్పినా రెండో మలుపులో తప్పుతారు. తప్పడం మంచిదే. ఒక గల్లీ అంతా ఇత్తడి, రాగి సామాను. బిందెలు ఒకదానిలో ఒకటి బోర్లించి మనిషెత్తు పేర్చి ఉంటాయి. ఇత్తడి తూకానికి అమ్ముతారు, బరువును బట్టే ధర. ఇంకో గల్లీలోకి తిరిగితే డ్రైఫ్రూట్స్, ఎండుమిర్చి ఘాటు. ఆ పక్కన మీ సామ్రాజ్యం: క్లిప్పులు, రబ్బరుబ్యాండ్లు, బొట్టుబిళ్లల అట్టలు, గ్రోసు (పన్నెండు డజన్లు) లెక్కన. కొన్ని దుకాణాల్లో ఒక్క పీసు ఇవ్వరు. “రిటైల్ ఇవ్వం” అని మొహం తిప్పుకుంటే అవమానమనుకోకండి. డజను తీసుకుంటానని చెప్పి చూడండి, స్టూలు లాగి కూర్చోబెడతారు. మనవరాలి తరగతిలో ఆడపిల్లలందరికీ రాఖీకో పుట్టినరోజుకో పంచడానికి డజను క్లిప్పులు కొంటే ఇంట్లో కూడా ప్రయాణానికి ఒక లెక్క కుదురుతుంది.

భాష గురించి మీవాడు భయపెట్టాడు. హిందీ అర్థమవుతుంది, మాట్లాడటం రాదు అని మీరే రాశారు. అది చాలు. బేగంబజార్‌లో మీరు తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబొస్తుంది, జిల్లాల బేరం మీద బతికే బజారు మరి. ఏటి అవతల కూడా లాడ్‌బజార్ కుర్రాళ్లు “రండమ్మా, చూడండమ్మా” అనే పిలుస్తారు. కిత్నా, కమ్ కరో, బస్ అనే మూడు మాటలతో కూడా పని నడుస్తుంది. లెక్క దగ్గర తికమక పడితే ఫోన్లో అంకె కొట్టి చూపించమనండి.

ఇక్కడొక హెచ్చరిక. బిల్లుల మీద ఉన్న దుకాణాలన్నీ ఉంటాయనుకుని వెళ్లకండి. కొన్ని వారసుల చేతికొచ్చి సరుకు మార్చేసి ఉంటాయి, కొన్ని పైకి లేచి మూడంతస్తులయి ఉంటాయి, కొన్నిచోట్ల ఇంకెవరి బోర్డో ఉంటుంది. “ఫలానా షాపు ఖమ్మం పార్టీ” అంటే గుర్తుపట్టే పెద్దాయన ఒకరు దొరికితే అదృష్టం. దొరక్కపోతే, ఆ రోజు వృథా అయిందని కుంగిపోయే మనస్తత్వం మీదైతే, ముందే ఆలోచించుకోండి. ఒకవేళ ఎవరైనా గుర్తుపట్టి “సార్ ఎలా ఉన్నారు?” అని అడిగితే ఆ వీధిలో నిలబడి జవాబు చెప్పాల్సింది మీరే. అందుకు సిద్ధంగా లేననిపిస్తే మొదటిసారి బిల్లుల జోలికి పోకుండా ఊరికే బజారు చూసి రండి. బిల్లులు తీసుకెళ్లాలనుకుంటే కట్ట ఇంట్లోనే ఉంచి, ఫోన్లో ఫొటోలు తీసుకోండి. పాత కాగితాలు చెమట చేతులకి ఆగవు.

ఒంటిగంటన్నరకి వెనక్కి తిరగండి, ఎంత బాగున్నా సరే. ఆకలేస్తే అఫ్జల్‌గంజ్ దాకా ఆటో, అక్కడ భోజనం హోటళ్లున్నాయి. ఇంకా ఓపికుంటే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు చూడండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచినప్పుడు నూటయాభైమంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఊళ్లోనూ పాత వీధులు పడగొట్టి కొత్తగా వేశారు. రెండోరోజు మీరు చూడబోయే పత్తర్‌గట్టి అప్పటి మార్పుల్లో వచ్చిందే.

ఆ రెండోరోజు ఎప్పుడన్నది మీ మోకాళ్లని అడగండి. మర్నాడే వద్దు. శుక్రవారం కూడా వద్దు. మక్కా మసీదులో మధ్యాహ్నం నమాజుకి వచ్చే జనంతో ఆ దారులు నిండిపోతాయి, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా కూడా శుక్రవారం మూసి ఉంటాయి. ఈసారి మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) దాకా వెళ్లి అక్కడి నుంచి ఆటోలో మదీనా సెంటర్ దగ్గర దిగండి. అఫ్జల్‌గంజ్‌లో సిటీ బస్సూ ఎక్కొచ్చు, ఆధార్‌లో తెలంగాణ అడ్రసే కాబట్టి ఆడవాళ్లకి ఉచితం. మెట్రోలో మాత్రం టికెట్టు తప్పదు.

మదీనా దగ్గర మొదలుపెట్టి పత్తర్‌గట్టి కమాన్ల నీడలో నడిస్తే ఎండ తగలదు. రెండువైపులా ఒకే వరసలో రాతి వరండాలు, కింద బట్టల దుకాణాలు, ముత్యాలు, అత్తరు సీసాలు. మచ్లీ కమాన్ కింద నుంచి దాటితే గుల్జార్ హౌజ్, నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు కనిపించే చోటు. అక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి, కారులో వెళ్లినవాళ్లకి ఇది దొరకదు. ఎదురుగా చార్మినార్. పైకెక్కే మెట్లు ఇరుకు, మెలికలు, ఎత్తు. మీ మోకాళ్లతో వద్దనే అంటాను. చార్మినార్‌కి కుడిచేతివైపు తిరిగిందే లాడ్‌బజార్.

గాజుల గురించి మీకు చెప్పడం ఏమిటిలెండి. రెండున్నాలుగు, రెండూఆరు సైజులు చేతిని చూసి చెప్పగలిగిన మనిషి మీరు. కానీ తయారీ మీరు చూసి ఉండరు. ఇంకా ఒకటీ అరా దుకాణాల ముందు, పక్క సందుల్లో నిప్పుల కుంపటి దగ్గర కూర్చుని చేసేవాళ్లు కనిపిస్తారు. లక్క ముద్దని వేడిచేసి, సాగదీసి, రంగు కలిపి, లోహపు చుట్టు మీద అద్ది గుండ్రంగా తీస్తారు. చల్లారేలోపు రాళ్లు పొదగాలి. ఒక్కో రాయి కొసతో ఎత్తి, పెట్టి, నొక్కడం. రాయి నిండుగా దిగిందా, పైపైన జిగురుతో అతికించారా అన్నది చూసే మీ కన్నుకి తెలిసిపోతుంది. ఈ లక్కగాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అయినా దుకాణాల్లో వేలాడేవన్నీ ఇక్కడ చేసినవి కావు, మట్టిగాజులు ఫిరోజాబాద్ నుంచి వస్తాయని మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ 300 రూపాయల సెట్టు విషయానికొస్తే, మీవాడు నవ్వినా నాకు అందులో మోసం కనబడలేదు. మీరు అడిగిన ధరకి మీరు కొన్నారు. తప్పల్లా చార్మినార్ కింద, ఎదురుపడ్డ మొదటిచోట కొనడం. అక్కడి ధర టూరిస్టులకి కట్టిన ధర. లోపలికి వెళ్లి ఇలాంటిదే నాలుగుచోట్ల చేత్తో పట్టుకుని చూసి, ఐదోచోట బేరం చేస్తే 300 ఎక్కువో తక్కువో తేలేది. కొడుకు పక్కన నిలబడి తొందరపెడుతుంటే అది కుదరదు. ఈసారి మీ అంతట మీరే పరీక్షించుకోవచ్చు.

లాడ్‌బజార్ చివరికంటా నడవగలిగితే మహబూబ్ చౌక్ గడియార స్తంభం వస్తుంది. నడవలేకపోతే మధ్యలోంచే వెనక్కి వచ్చేయండి. చార్మినార్ పక్కన ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కట్ తీసుకోండి. మగవాళ్లే నిలబడి తాగుతున్నట్టు కనిపిస్తుంది కానీ ఆడవాళ్లూ కుటుంబాలూ వస్తూనే ఉంటారు, మొహమాటపడకండి.

మోకాళ్లు నిజంగా ఇబ్బంది పెడుతుంటే ఈ రెండూ పక్కనపెట్టి సుల్తాన్‌బజార్ ఒక్కటే పెట్టుకున్నా నష్టం లేదు. మెట్రో అక్కడికే వస్తుంది, అమీర్‌పేటలో కాకుండా ఎంజీబీఎస్‌లో మారాలి. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ పక్కన పుట్టిన బజారు, చీరలు, ఫాల్సు, లేసులు దొరుకుతాయి. 1901లో రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఆ పేటలోనే ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కోసం పెట్టిన మొదటి తరం గ్రంథాలయాల్లో ఒకటి. బజారులో అలసిపోతే అక్కడ తెలుగు పుస్తకాల మధ్య కాసేపు కూర్చోవచ్చు.

అబ్బాయికి ఎప్పుడు చెప్పాలంటే, వెళ్లే రోజు పొద్దున మాత్రం వద్దు. నాలుగురోజుల ముందు చెప్పండి. ఎక్కడ దిగుతారో, ఎన్నింటికి వెనక్కి తిరుగుతారో చెప్పండి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టడం కోడలి దగ్గర నేర్చుకుని ఇద్దరికీ పంపండి. పిల్లల నిఘాలా అనిపిస్తుందేమో, అనిపించినా పంపండి. అతను “వద్దు” అంటే వాదనకి దిగకుండా “ఏం జరుగుతుందని భయం?” అని అడిగి, చెప్పింది వినండి. పాప బస్సు, భాష, జనం అనే వాటికి పైన జవాబులున్నాయి. వాటిలో లేని కారణం ఏదైనా బయటికొస్తే, ఉదాహరణకి నాన్న పోయాక అమ్మకి ఏమన్నా అవుతుందేమోనన్న బెంగ, దానికి నా దగ్గర జవాబు లేదు. అది మీరిద్దరూ మాట్లాడుకోవాల్సిందే, ఒక నెల ఆలస్యమైనా సరే.

రంజాన్ రాత్రి బజారు అత్యాశ కానేకాదు. కానీ అది మాత్రం ఒక్కరే వద్దు. చివరి పదిరోజుల్లో చార్మినార్ నుంచి మదీనా దాకా ఇసకేస్తే రాలనంత జనం, అర్ధరాత్రి దాకా. అప్పటికి మీరు రెండుమూడుసార్లు పగలు తిరిగి దారులు నేర్చుకుని ఉంటారు కాబట్టి, నెల మొదట్లోనే ఒక వారంరోజు చూసి కొడుకునీ కోడలినీ మీరే తీసుకెళ్లండి. పాపని కింది ఫ్లాట్ ఆంటీ దగ్గర ఉంచండి, ఆ తోపులాటలో చిన్నపిల్లకి కష్టం. వెళ్లేది మెట్రోలో, ఆఖరి బండి ఎన్నింటికో ముందే చూసుకోండి. హలీం తినడం ఇష్టం లేకపోతే పళ్లరసం, జిలేబీ ఉన్నాయి. కోడలికి గాజులు కొంటారేమో, సైజు ముందే తీసుకోండి. లక్కగాజు సాగదు, బలవంతంగా ఎక్కిస్తే పగులుతుంది.